“ఏ గిన్నెలో కాస్తారండీ?” – జయపురంలో ఒక కాఫీ గుండ దుకాణం

ఒడిశాలోని జయపురం బజారులో నేను రెండేళ్ళుగా కాఫీ కొంటున్న దుకాణంలో కూర్చోవడానికి కుర్చీ లేదు, గోడ మీద కప్పుల బొమ్మలు లేవు. ఒక మూల గింజలు వేయించే చిన్న డ్రమ్ము, గల్లా పక్కన కాఫీ మర, వాటి వెనుక గోనె సంచులు, అంతే. గింజలు తూచిన తరువాత, మర మీట నొక్కబోయే ముందు, యజమాని ప్రతి కొత్త మనిషినీ ఒక ప్రశ్న అడుగుతారు: “ఏ గిన్నెలో కాస్తారండీ?” మొదటిసారి విన్నప్పుడు, నేను ఏ గిన్నెలో కాచుకుంటే ఈయనకేమిటి అనిపించింది. రెండేళ్ళ తరువాత, ఆ ప్రశ్న అడగని చోట పొడి కొనడానికి చేయి రావడం లేదు. దుకాణం పేరు రాయకపోవడానికి కారణం ఉంది: మెప్పుతో పాటు రెండు మూడు ఫిర్యాదులు కూడా రాయవలసి ఉంది, ఆ యజమాని నాకు బాగా ఎరుకైన మనిషి.

ఆయనది సాలూరు ఘాటు ఎక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. గల్లా దగ్గర తెలుగు, ఒడియా, ఈ కొండల్లో మాట్లాడే దేసియా మూడూ ఒకే నోటి నుంచి వస్తుంటాయి. వచ్చినవారిలో చాలామంది “కాఫీ గుండ” అని అడుగుతారు; గుండ అంటే పొడి అని మన ఉత్తరాంధ్ర వాళ్ళకూ, ఒడియా వాళ్ళకూ ఒకేలా అర్థమవుతుంది కనుక అక్కడ ఆ మాటకు అనువాదం అక్కరలేదు. అమ్మేది ఎక్కువగా కోరాపుట్ కొండల్లో పండే అరబికా రకం కాఫీ. ఈ కొండల్లో కాఫీ కొత్తగా వచ్చినది కాదు. 1930 ప్రాంతంలో జయపురం రాజావారు తోటలు వేయించారు. 1958 నుంచి మచ్‌కుండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి భూసంరక్షణ శాఖ కొండవాలుల మీద కాఫీ మొక్కలు నాటింది. ఒడిశా ప్రభుత్వపు గిరిజన సహకార సంస్థ “కోరాపుట్ కాఫీ” పేరుతో పాకెట్లు అమ్మడం మొదలుపెట్టాక బయటివారికి ఈ పేరు కొంత తెలిసింది గాని, పక్కనే ఉన్న అరకుకు వచ్చినంత పేరు ఇంకా రాలేదు. రుచిలో నాకు పెద్ద తేడా కనిపించలేదని చెబితే రెండు వైపుల వాళ్ళూ కోప్పడతారు.

నా మొదటి అనుభవం చెడ్డది. అయితే తప్పు దుకాణానిది కాదు. అప్పటిదాకా ఇంట్లో చికోరీ కలిపిన పాకెట్ పొడి వాడేవాళ్ళం. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఎంత కలిపారో పాకెట్ మీద ముద్రించాలనీ మన దేశంలో నిబంధన ఉంది. మా పాకెట్ మీద 30 శాతం చికోరీ అని ఉండేది. ఒకసారి ఉత్త అరబికా తాగి చూడాలని బుద్ధి పుట్టి, అదే రకంగా పట్టించి ఇమ్మని అడిగాను. “స్టీలు ఫిల్టరే కదండీ?” అన్నారు. అవునన్నాను. ఉత్త కాఫీ వాడడం అదే మొదలని మాత్రం నేను చెప్పలేదు. మర్నాడు ఉదయం ఫిల్టరులో పొడి వేసి, బిళ్ళ పెట్టి, నీళ్ళు పోసి, పాలు కాచుకునే లోపల, అంటే ఏడెనిమిది నిమిషాల్లోనే, నీళ్ళన్నీ కిందికి దిగిపోయాయి. ఎప్పుడూ ఇరవై నిమిషాలు పట్టేది. దిగినది డికాక్షన్ అనడానికి వీల్లేని పలచటి ఎర్రనీరు. పాలు కలిపితే పాలే మిగిలాయి.

తరువాతి వారం వెళ్ళి చెబితే ఆయన నవ్వి, “చికోరీ నీళ్ళని పట్టుకుంటాది మేస్టారూ, ఉత్త కాఫీ పట్టుకోదు. ఒక్క పిసరు సన్నం చేస్తే సరిపోతాది” అన్నారు. ఆ ఒక్క మాటలో నాకు చాలా విషయం దొరికింది. చికోరీ వేరును వేయించి పొడి చేసినప్పుడు అది నీటిలో త్వరగా కరుగుతుంది, ఉబ్బుతుంది, నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. ఫిల్టరు నెమ్మదిగా దిగడానికీ, డికాక్షన్ నల్లగా చిక్కగా కనిపించడానికీ సగం కారణం అదే. చికోరీని తీసేసి పొడి సైజు మార్చకపోతే నీటికి అడ్డు తగ్గిపోతుంది. అడ్డు మళ్ళీ రావాలంటే గింజను మరికొంచెం మెత్తగా పట్టించాలి. కాఫీ ఎక్కువ వేసి ఆ లోటు పూడ్చవచ్చుననుకుని నేను ఆ వారమంతా పొడి దండగ చేశాను. నీరు నిలవని చోట ఎంత పొడి వేసినా అందులోని సారం పొడిలోనే ఉండిపోతుంది, పిప్పితో పాటు చెత్తబుట్టకు పోతుంది.

ఇప్పుడు మా ఇంటి లెక్క స్థిరపడింది. 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీళ్ళు. అంటే ఒకటికి ఆరు. పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని పీల్చుకుని వదలదు కనుక, కిందికి దిగేది 80 మిల్లీలీటర్ల లోపే. దానికి రెట్టింపు పాలు కలిపితే ఇద్దరికి సరిపోతుంది. పొడి మెత్తటి ఉప్పు కంటే కొంచెం సన్నంగా, వేళ్ళ మధ్య నలిపితే ఇంకా పలుకు తగులుతూ ఉండాలి. పిండిలా జారిపోతే ఫిల్టరు మొండికేస్తుంది. ఒకసారి అలా మెత్తబడిన పొడితో అరగంట దాకా చుక్క దిగలేదు. అలాంటప్పుడు బిళ్ళను నొక్కితే ఇంకా బిగుసుకుంటుందని అనుభవం మీద తెలిసింది. బిళ్ళను పొడి మీద ఆనించి వదిలేయడమే మంచిది. డికాక్షన్ పదిహేను నిమిషాలకు దిగితే రుచి బాగుంది. పదికి ముందే దిగితే పులుపు, పలచన. ఇరవై అయిదు దాటితే నాలుక మీద వగరు నిలుస్తుంది.

పులుపు, చేదు, వగరు అనే ఈ మూడు మాటలే నాకు కొలబద్దలయ్యాయి. వేయించిన గింజలో నీటికి లొంగేది మొత్తం బరువులో 30 శాతం లోపే. అందులోనూ మనకు కావలసినది 18 నుంచి 22 శాతం వరకే అని 1950లలో అమెరికాలో లాక్‌హార్ట్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ముందుగా పుల్లని రసాలు కరుగుతాయి, తరువాత తీపి, చివరికి చేదు, వగరు. పొడి మెత్తనయ్యే కొద్దీ నీరు తగిలే పైభాగం పెరిగి ఇదంతా త్వరగా జరిగిపోతుంది. కనుక నీరు ఎంతసేపు పొడితో ఉంటుందో దాన్నిబట్టే పొడి సైజు నిర్ణయం కావాలి: ఎక్కువసేపు నానితే బరక, క్షణాల్లో దాటిపోతే మెత్తన. దుకాణదారు “ఏ గిన్నెలో” అని అడిగేది నిజానికి “ఎంతసేపు” అనే ప్రశ్న. పొడికీ నీళ్ళకీ ఉండే పాళ్ళు దాని తరువాతి సంగతి. పాళ్ళు చిక్కదనాన్ని సరిచేస్తాయి గాని, సైజు తప్పితే వచ్చిన చేదును పోగొట్టలేవు. చేదుగా ఉన్న కాఫీలో పొడి తగ్గిస్తే పలచటి చేదు వస్తుంది.

ఇది పరీక్షించడానికి ఒకసారి ఒకే వేపుడు గింజలను నాలుగు రకాలుగా, వందేసి గ్రాముల చొప్పున పట్టించుకుని సునాబెడలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన విసుక్కోలేదు. ఒక్కొక్క పొట్లం మీద పెన్నుతో “స్టీలు”, “గాజు”, “పొయ్యి”, “కాగితం” అని రాసి ఇచ్చారు. గాజు అంటే పొడిని నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్, పొయ్యి అంటే మోకా పాట్, కాగితం అంటే కాగితపు వడపోత మీద నీళ్ళు పోసే పద్ధతి. ఈ పేర్లు కంపెనీలు పెట్టిన పేర్ల కంటే బాగున్నాయి.

గాజు పొట్లంలోని పొడి గోధుమ నూక అంత లావు ఉంది. 30 గ్రాములకు 450 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒకటికి పదిహేను. నాలుగు నిమిషాలు నానబెట్టి జల్లెడ కిందికి దించాను. కాఫీ నిండుగా, నూనె తళుకుతో, చేదు లేకుండా వచ్చింది. అదే పాత్రలో, అదే పాళ్ళలో స్టీలు ఫిల్టరు పొడి వేసి చూస్తే జల్లెడ దించడానికి రెండు చేతుల బలం పట్టింది, కప్పు అడుగున వేలెడు మడ్డి పేరుకుంది, రెండో గుక్కకే వగరు. ఫ్రెంచ్ ప్రెస్ కొని, బజారులో దొరికే ఫిల్టరు పొడి వేసి, “ఇది మనకు పడదు” అని అటక మీద పెట్టేసినవాళ్ళు మా కాలనీలోనే ముగ్గురున్నారు. వాళ్ళ పాత్రలో లోపం లేదు. మా అమ్మమ్మ కాలంలో మరిగే నీళ్ళలో పొడి వేసి మూతపెట్టి, కాసేపటికి పల్చటి గుడ్డలో వడకట్టేవారు. పొడి ఇంట్లో దంచినది కనుక ఎలాగూ బరకగానే ఉండేది. ఆ గిన్నెకూ ఈ గాజు పాత్రకూ పద్ధతిలో తేడా లేదు.

మోకా పాట్ విషయం కొంచెం గడుసైనది. 1933లో ఇటలీలో పుట్టిన ఈ అల్యూమినియం పాత్రలో అడుగున నీరు వేడెక్కి, ఆవిరి ఒత్తిడికి పొడి గుండా పైకి ఎక్కుతుంది. నీరు పొడిని దాటేది నిమిషం, నిమిషంన్నర లోపు కనుక పొడి ఫిల్టరు పొడి కంటే ఒక మెట్టు మెత్తగా ఉండాలి, కానీ పిండి కాకూడదు. పిండి అయితే దారి మూసుకుని, ఆవిరి పక్కనున్న భద్రతా కవాటం గుండా పోతుంది. ఇక్కడ పాళ్ళు మన ఇష్టం కాదు, పాత్ర నిర్ణయిస్తుంది: పొడి గిన్నెను నొక్కకుండా, అంచుకు సమంగా నింపాలి, నీళ్ళు కవాటానికి కింద ఆగాలి. మూడు కప్పుల పాత్రలో అది రమారమి 16 గ్రాములకు 150 మిల్లీలీటర్లు అవుతుంది. పొడి తగ్గించి వేస్తే ఖాళీ గుండా నీరు దూసుకుపోయి కాఫీ పాడవుతుంది. తక్కువ కాఫీ కావాలంటే చిన్న పాత్ర కొనుక్కోవడమే దారి. సన్న మంట మీద పెట్టి, బుడబుడ చప్పుడు మొదలవగానే దించేయాలి. పొయ్యి పొట్లం ఈ పనికి సరిగ్గా కుదిరింది. ఇంట్లో అందరికీ నచ్చింది కూడా ఇదే; పాలు కలిపినా కాఫీ రుచి వెనక్కి తగ్గలేదు.

కాగితం పొట్లం మాత్రం నిరాశపరిచింది. పొడి పంచదార పలుకులా ఉండాలి. చూపుకు అలాగే ఉంది. 15 గ్రాములకు 240 మిల్లీలీటర్లు, ఒకటికి పదహారు. ముందు 40 మిల్లీలీటర్లు పోసి అరనిమిషం ఆగితే పొడి పొంగుతుంది; కొత్తగా వేయించిన గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అలా బయటికి పోతుంది. తరువాత మిగతా నీళ్ళు విడతలుగా పోస్తే మొత్తం మూడు నిమిషాల్లో దిగాలి. నాకు అయిదు నిమిషాలు పట్టింది, కాఫీ చేదెక్కింది. జాగ్రత్తగా చూస్తే, పలుకుల మధ్య మైదా లాంటి సన్నటి దుమ్ము కనిపించింది. ఆ దుమ్ము కాగితపు రంధ్రాలను మూసేసింది. స్టీలు ఫిల్టరుకూ మోకాకూ పనికొచ్చే ఆ మర ఈ పనికి చాలదు. రెండు మెట్లు బరకగా పట్టించి తెచ్చాక మూడున్నర నిమిషాలకు వచ్చింది, రుచి ఫరవాలేదు. కాగితపు పద్ధతి మీద నిజంగా మక్కువ ఉన్నవారు ఇక్కడ గింజలు మాత్రమే కొని, ఇంట్లో మంచి చేతిమర పెట్టుకోవడం ఉత్తమం. ఎస్ప్రెసో యంత్రం ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. 18 గ్రాముల పొడి లోంచి 36 గ్రాముల కాఫీ అరనిమిషంలో రావాలంటే రోజురోజుకూ సైజు సవరించుకోవాలి, పొట్లంలో తెచ్చిన పొడితో అది జరగదు.

మిక్సీలో పట్టుకుంటే పోలేదా అని అడిగేవారి కోసం ఒక మాట. నేనూ పట్టి చూశాను. మిక్సీ బ్లేడు గింజను నలపదు, నరుకుతుంది. ఒకే గిన్నెలో సగం పిండి, సగం ముక్కలు మిగులుతాయి. పిండిలోంచి చేదు, ముక్కల్లోంచి పులుపు ఒకేసారి వస్తాయి. ఆ కాఫీని ఏ పాళ్ళూ బాగుచేయలేవు.

నీటి వేడి గురించి పుస్తకాల్లో రాసేది మాకు సరిగ్గా వర్తించదు. మరిగిన నీటిని నిమిషం ఆగి పోయమంటారు, ఎందుకంటే కాఫీకి 90 నుంచి 96 డిగ్రీలు మంచిది. కానీ ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. సునాబెడ, కోరాపుట్ దాదాపు 900 మీటర్ల మీద ఉన్నాయి కనుక మా నీరు 97 దగ్గరే మరుగుతుంది. ఇక్కడ నిమిషం ఆగడం అంటే, అదీ పుష్యమాసపు చలిలో చల్లటి స్టీలు ఫిల్టరులో పోయడం అంటే, పొడికి తగిలేసరికి నీరు 90 కిందికి పడిపోతుంది. మేము దించగానే పోస్తాం, ఫిల్టరును ముందే వేడినీళ్ళతో కడుగుతాం. ఈ సంగతి నేను చెబితే దుకాణదారు ఒప్పుకోలేదు. ఆయన ఉండే జయపురం మా కంటే కిందికి ఉంది, చలీ తక్కువే.

ఇక ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది మరలో మిగిలిపోయే పొడి. నాకు ముందు వచ్చినవారు చికోరీ కలిపిన పొడి పట్టించుకుంటే, నా పొట్లంలో మొదటి గుప్పెడు వాళ్ళదే. ఉత్త అరబికా వాసన తెలిసినవారికి ఆ బెల్లపు మాడువాసన వెంటనే తెలుస్తుంది. అడిగితే ఒక గుప్పెడు గింజలు ముందుగా తిప్పి పారబోస్తారు, కాని ఆ గుప్పెడు నా తూకంలోదే. ఈ విషయంలో మేమిద్దరం ఇంకా ఒక ఒప్పందానికి రాలేదు. రెండవది, పొట్లం మీద గింజ ఎప్పుడు వేయించారో తేదీ ఉండదు. అడిగితే నిజమే చెబుతారు, ఒకసారి “నిన్ననే వేయించాను, నాలుగు రోజులు ఆగి వాడండి” అని హెచ్చరించారు కూడా. అయినా అడగనివాళ్ళకు తెలిసే దారి లేదు. మూడవది, రద్దీ వేళ మర వేడెక్కి ఉంటుంది, వేడి పొడిని వెంటనే ప్లాస్టిక్ సంచిలో పోసి అతికించేస్తారు. ఉదయం తెరవగానే వెళ్ళడం మంచిది. పట్టినందుకు వేరే కూలి తీసుకోరని కూడా ఇక్కడే చెప్పాలి.

మర చక్రం మీద అంకెలుంటాయి. మొదట్లో నేను ఆ అంకెలు రాసుకుని, విజయనగరంలో మా బావగారింటికి వెళ్ళినప్పుడు అక్కడి దుకాణంలో “మూడు మీద పట్టండి” అని దర్జాగా అడిగాను. వచ్చినది ఫ్రెంచ్ ప్రెస్ పొడి. ఏ మర అంకె ఆ మరదే. మరొకచోట అడిగేటప్పుడు ఉప్పు, పంచదార, నూక అని చెప్పి, కొంచెం పట్టించి వేళ్ళ మధ్య నలిపి చూసుకోవడమే నమ్మకం. చెంచా కొలతదీ ఇదే తీరు. బాగా నల్లగా వేయించిన గింజ తేలికవుతుంది, మెత్తటి పొడి చెంచాలో ఒత్తుకుంటుంది. రెండు చెంచాలంటే ఒకరోజు 9 గ్రాములు, ఇంకొకరోజు 13. వంటింటి చిన్న త్రాసు కొన్న తరువాతే మా కాఫీ రెండు రోజులు వరుసగా ఒకేలా ఉండడం మొదలైంది.

కొత్తగా వెళ్ళేవారు అరకిలో పొడి పట్టించుకోవద్దని నా సలహా. పొడి అయిన గింజ వాసన వారం తిరక్కుండానే తగ్గిపోతుంది. వంద గ్రాములు మీ పాత్రకు పట్టించుకోండి, మిగతావి గింజలుగానే గాలి చొరని డబ్బాలో పెట్టుకుని మళ్ళీ తెచ్చి పట్టించుకున్నా ఆయన కాదనరు. ఉత్త కాఫీయో, చికోరీ కలిపినదో, ఇదివరకు ఏది వాడేవారో ఆయన అడగకపోయినా చెప్పండి. ఆ ఒక్క ప్రశ్న కూడా కలుపుకొమ్మని నేను చెప్పి ఆరు నెలలైంది, మొన్న నా ముందున్న ఆవిడను “ఏ గిన్నెలో కాస్తారమ్మా?” అని మాత్రమే అడిగారు.